వాళ్ళ తప్పుకు నీ పనిని బలిపెట్టకు

తల్లీ,

ఆదివారం ఫోన్లో నువ్వు చెప్పినదంతా విన్నాను. మధ్యలో అడ్డు రాలేదు. ముందు నీ మనసులో ఉన్నది బయటికి రావాలి అనిపించింది. తరచూ మేనేజర్లు మారడం, వచ్చిన ప్రతివాళ్ళూ పాత ప్లాన్ పక్కన పడేసి కొత్త స్లైడ్లు తయారు చేయడం, మీ టీమ్‌ని ఒక్క మాట అడక్కుండా క్లయింట్‌కి డేట్ ఇచ్చేయడం, ఆ డేట్ తప్పితే అందరికీ వెళ్ళే మెయిల్లో నీ పేరు పెట్టడం, రిలీజ్ బాగా జరిగిన రోజు మాత్రం టౌన్‌హాల్లో వాళ్ళ పేర్లే వినిపించడం. ఇన్నీ చెప్పి చివర్లో రెండు ప్రశ్నలు అడిగావు. "వీళ్ళు తెలియక చేస్తున్నారా మావయ్యా, తెలిసే చేస్తున్నారా? ఇలాంటివాళ్ళ కోసం నేనెందుకు కష్టపడాలి?" ఫోన్లో అప్పటికప్పుడు ఏదో ఒకటి చెబితే నీకు కాసేపు ఊరట కలుగుతుందే తప్ప దారి దొరకదు. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు.

ముందు ఒక సంగతి ఒప్పుకుంటాను. నీ బాధ సహేతుకమైనది. "జీతం బాగానే వస్తోందిగా, సర్దుకుపో" అని ఇంట్లో అంటారు. మీ అమ్మ అనే ఉంటుంది, ప్రేమతోనే అని ఉంటుంది. కానీ ఇది ఎండనో ట్రాఫిక్‌నో ఓర్చుకోవడం లాంటిది కాదు. రోజుకి తొమ్మిది పది గంటలు మన తెలివి ఎటు వెళ్ళాలో నిర్ణయించే మనిషి సరిగా లేకపోతే, ఆ నష్టం ఆఫీసులోనే ఆగదు. నిద్రలోకి, తిండిలోకి, ఇంట్లో మాట్లాడే మాటలోకి వచ్చేస్తుంది.

మేనేజర్లు అసలు అవసరమా అన్న అనుమానం గూగుల్‌కే వచ్చింది. 2002లో ఇంజినీరింగ్ విభాగాన్ని మేనేజర్లు లేకుండా నడిపి చూసి, కొద్ది నెలల్లోనే ఆ ప్రయోగం మానుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో తమ దగ్గరున్న అప్రైజల్ కాగితాలు, ఉద్యోగుల సర్వేలు అన్నీ తిరగేశారు. మంచి మేనేజర్ ఉన్న టీముల్లో మనుషులు ఎక్కువ కాలం ఉంటున్నారని, సంతోషంగా పనిచేస్తున్నారని తేలింది. మంచి మేనేజర్‌కి ఉన్న ఎనిమిది లక్షణాలు వరసగా రాస్తే, మొదటిది కింది వాళ్ళకు నేర్పడం. సాంకేతిక పరిజ్ఞానం ఎనిమిదోది. అవసరమే, కానీ చివరిది. గూగుల్ లాంటి ఇంజినీర్ల కంపెనీలోనే లెక్క అలా తేలిందంటే, పైవాళ్ళ తీరు గురించి నువ్వు బాధపడటం సుకుమారం కాదు. నీకు ఆ హక్కుంది.

ఇక నీ మొదటి ప్రశ్న. తెలియకా, తెలిసేనా?

మన ఐటీ కంపెనీల్లో మేనేజర్ ఎలా తయారవుతున్నాడో చూడు. ఎనిమిదేళ్ళు కోడ్ బాగా రాసిన కుర్రాడికి జీతం పెంచాలంటే చాలా చోట్ల ఉన్నది ఒక్కటే మెట్ల దారి. లీడ్ చెయ్యాలి, ఆ తర్వాత మేనేజర్ చెయ్యాలి. జావా నేర్పడానికి ట్రైనింగ్ ఉంటుంది, క్లౌడ్‌కి సర్టిఫికేషన్ ఉంటుంది. పదిమంది మనుషుల్ని నడిపించడం మాత్రం ఎవరూ నేర్పరు, ప్రమోషన్ లెటర్‌తోపాటే వచ్చేస్తుందనుకుంటారు. ఒక పనిలో నేర్పరి అయినంత మాత్రాన పై పనిలో కూడా నేర్పరి అవుతాడన్న నమ్మకం తప్పని, అలా పైకి జరుపుతూ పోతే చివరికి ప్రతివాళ్ళూ తమకు చేతకాని కుర్చీలో ఆగిపోతారని లారెన్స్ పీటర్ అనే ఆయన 1969లోనే ఒక పుస్తకం రాశాడు. ఇన్నేళ్ళయినా ఆ దారి మారలేదు.

దానికి తోడు మన సర్వీసెస్ వ్యాపారం. మనుషుల లెక్కన, గంటల లెక్కన బిల్లింగ్ జరిగే చోట, కాంట్రాక్టు దక్కించుకోవడానికి సేల్స్ వాళ్ళు ముందు డేట్ చెప్పేస్తారు. అది కుదరదని చెప్పే ధైర్యం డెలివరీ హెడ్‌కి ఉండదు. ఆయన దగ్గర్నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ ఆ డేట్ చివరికి నీ డెస్క్ మీదికి వస్తుంది. పైన తూము దగ్గర లెక్క తప్పితే కాలువ చివరి ఆయకట్టు రైతు పొలం ఎండుతుంది చూడు, అలాగే. పని ఆలస్యమైతే అప్పుడు ఇంకో నలుగురిని తెచ్చి టీమ్‌లో పడేస్తారు. ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, అలా చేస్తే పని ఇంకా వెనకబడుతుందని 1975లోనే వివరించాడు. వచ్చిన కొత్తవాళ్ళకు నేర్పడానికి ఉన్నవాళ్ళ సమయమే పోవాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన సందర్భాలు పెరిగిపోతాయి. నువ్వు చెప్పిన 'రిసోర్స్ ర్యాంప్‌అప్' తతంగం సరిగ్గా ఇదే.

పైగా అప్రైజల్‌లో బెల్ కర్వ్. టీమ్ అంతా బాగా చేసినా ఇంతమందిని పైన, ఇంతమందిని కింద పెట్టాలన్న నియమం ఉన్నచోట, మంచి మేనేజర్ కూడా ఎవరో ఒకరికి అన్యాయం చెయ్యక తప్పదు. మైక్రోసాఫ్ట్ కంపెనీ ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి నడిపి, 2013 నవంబర్‌లో ఎత్తేసింది. పక్క సీటువాడు ఓడిపోతేనే నేను గెలుస్తాననే చోట, ఎవరూ ఎవరికీ మనసారా సాయం చెయ్యరు.

ఇదంతా వాళ్ళని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. నీ ముందున్న మనిషి చేస్తున్న తప్పులో ఎంత పద్ధతిది, ఎంత ఆ మనిషిది అన్నది నువ్వు విడదీసి చూడాలి. విడదీస్తే మూడు రకాల మనుషులు కనిపిస్తారు. తెలియనివాడు, భయపడేవాడు, అబద్ధమాడేవాడు. ముగ్గురూ మనల్ని ఒకేలా బాధపెడతారు కాబట్టి కోపంలో ముగ్గుర్నీ ఒకే గాటన కట్టేస్తాం. అక్కడే మనం నష్టపోతాం, ఎందుకంటే ముగ్గురితోనూ ఒకేలా మెలగకూడదు.

తెలియనివాణ్ణి గుర్తుపట్టడం తేలిక. ఎదురుగా కూర్చోబెట్టి వివరంగా చెబితే అతని మొహంలో విషయం అర్థమైన భావం కనిపిస్తుంది. మళ్ళీ అడుగుతాడు. అలాంటివాడికి ఫిర్యాదు పట్టుకెళ్ళకు, దారులు పట్టుకెళ్ళు. "ఈ డేట్ కుదరదు" అని ఆగిపోకుండా, "ఈ డేట్‌కి ఇవ్వాలంటే ఈ రెండు ఫీచర్లు తరవాతి రిలీజ్‌కి జరపాలి, అన్నీ కావాలంటే ఇంకో మూడు వారాలు కావాలి, రెంటిలో ఏది చేద్దాం?" అని అడుగు. మనుషుల్ని నడపడం అతనికి ఎవరూ నేర్పలేదు. నీలాంటి వాళ్ళు ఓపిగ్గా నిలబడితే చాలామంది నేర్చుకుంటారు. నేను చూసిన మంచి మేనేజర్లలో కొందరు మొదటి రెండేళ్ళూ చాలా కష్టపెట్టినవాళ్ళే.

భయపడేవాడు వేరు. గదిలో నువ్వు చెప్పినదంతా ఒప్పుకుంటాడు, గంట తరవాత పైవాళ్ళ కాల్‌లో అందుకు సరిగ్గా ఎదురు మాట్లాడతాడు. అతనికి ఈఎంఐలున్నాయి, అతని మీద కూడా ఒక ఎక్సెల్ షీట్ ఉంది. ఇతనికి విషయం తెలుసు, చెప్పే నోరు లేదు. కాబట్టి అతను పైకి తీసుకెళ్ళగలిగే కాగితం నువ్వు తయారుచేసి ఇవ్వు. ఎన్ని బగ్స్ తెరిచి ఉన్నాయి, టెస్టింగ్‌కి ఎన్ని రోజులు మిగిలాయి, ఏది ఆగితే ఏమవుతుంది, అన్నీ ఒక్క పేజీలో అంకెలతో. ప్రతి మీటింగ్ అయ్యాక "ఇవాళ మనం అనుకున్నది ఇదీ" అని రెండు లైన్ల మెయిల్ పెట్టు. అది అతని మీద కేసు కట్టడానికి కాదు. రేపు అతనే మాట మార్చాల్సి వస్తే, అడ్డం పట్టుకోవడానికి అతనికీ ఒక ఆధారం ఉంటుంది, నీకూ ఉంటుంది.

అబద్ధమాడేవాడి సంగతి తేల్చి చెబుతాను. కాగితం మార్చమని అడిగినవాడు అబద్ధమాడేవాడే. చెయ్యని గంటలు టైంషీట్‌లో వెయ్యమంటాడు, ఫెయిలైన టెస్ట్‌ని పాస్ అని రాయమంటాడు, లేని అనుభవం నీ రెజ్యూమేలో చేర్చి క్లయింట్‌కి పంపుతానంటాడు. అక్కడ ఓపిక, నేర్పడం, అర్థం చేసుకోవడం ఏమీ వద్దు. "నేను చెయ్యను సర్" అని మర్యాదగా చెప్పు. సంతకం నీది, పేరు నీది. అలాంటివాడి కింద ఎక్కువ కాలం ఉండకు. రోజూ చూస్తుంటే అలవాటైపోతుంది, అలవాటయ్యాక తప్పు తప్పులా కనిపించదు.

ఇవి కాక, నిన్ను ఆడపిల్లవని తక్కువ చేసి మాట్లాడినా, అసభ్యంగా ప్రవర్తించినా, అది లీడర్‌షిప్ లోపం కాదు, వేధింపు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ ఇంటర్నల్ కమిటీ ఉండాలి. సాధారణంగా మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అలాంటిది జరిగితే నాకు, మీ నాన్నకు ఆ రోజే చెప్పు. ఆలోచించి చెబుదామని ఆగకు.

ఇప్పుడు, నోరు విప్పడం గురించి. టీమ్ వాట్సాప్‌లో, క్యాంటీన్‌లో నలుగురూ కలిసి మేనేజర్‌ని తిట్టుకుంటే ఆ పూటకి బరువు దిగినట్టుంటుంది. మర్నాటికి ఏమీ మారదు. పైగా నువ్వు అన్న మాట నువ్వు అనని రూపంలో ఎక్కడికో చేరుతుంది. అర్ధరాత్రి కోపంలో మెయిల్ రాస్తే డ్రాఫ్ట్‌లోనే ఉంచు, పొద్దున్న కాఫీ తాగాక చదువు. చెప్పదలుచుకున్నది ఎవరితో చెప్పాలో వాళ్ళతోనే, తలుపు వేసిన గదిలో, ఒక్క విషయం, జరిగిన సంఘటనతో సహా చెప్పు. "మీరెప్పుడూ ఇంతే" అంటే ఎదుటి మనిషి తనను తాను కాపాడుకోవడంలో పడిపోతాడు. "పోయిన రిలీజ్‌లో మాకు చెప్పకుండా డేట్ ఇచ్చారు, అందువల్ల ఈ రెండు పొరపాట్లు జరిగాయి, ఈసారి డేట్ ఇచ్చేముందు ఒక గంట మాతో కూర్చోండి" అంటే జవాబు చెప్పక తప్పదు. అక్కడ ఫలితం లేకపోతే ఆయన పైఅధికారితో జరిగే స్కిప్ లెవెల్ మీటింగ్‌లో ఇదే మాట, ఇంతే మర్యాదగా చెప్పు. వెనకాల చెప్పినట్టు ఉండకూడదనుకుంటే, పైవాళ్ళను కలవబోతున్నానని మీ మేనేజర్‌కి ముందే చెప్పు.

చెప్పినంత మాత్రాన వింటారని నీకు భరోసా ఇవ్వలేను. అమెరికాలో మోర్టన్ థయోకోల్ అనే కంపెనీ స్పేస్ షటిల్‌కి రాకెట్ బూస్టర్లు తయారుచేసేది. అక్కడ రోజర్ బోజోలీ అనే ఇంజినీర్, బూస్టర్ల అతుకుల దగ్గర ఉండే రబ్బరు రింగుల లోపం సరిచెయ్యకపోతే ప్రాణాలు పోతాయని 1985 జులై 31న తన పైఅధికారికి రాతపూర్వకంగా చెప్పాడు. 1986 జనవరి 27 రాత్రి, చలి మరీ ఎక్కువగా ఉంది, రేపటి ప్రయోగం ఆపండి అని అతనూ తోటి ఇంజినీర్లూ ఫోన్ సమావేశంలో వాదించారు. కంపెనీ మేనేజర్లు మొదట ఆ మాటే నాసాకి చెప్పి, అటునుంచి ఒత్తిడి రాగానే మాట మార్చుకున్నారు. మర్నాడు ఛాలెంజర్ షటిల్ ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. ఏడుగురు పోయారు. బోజోలీ తనకు తెలిసిందంతా దర్యాప్తు కమిషన్ ముందు పెట్టాడు. కంపెనీలో అతణ్ణి దూరం పెట్టారు, ఆరోగ్యం దెబ్బతింది, ఉద్యోగం వదిలేశాడు. నిజం చెప్పినందుకు లాభం కలగలేదు. అయినా జరిగింది ఎలా జరిగిందో లోకానికి తెలియడంలో, ముందే రాసి ఉంచిన ఆ కాగితాలకూ పాత్ర ఉంది.

మీది రాకెట్ కాదు, చెల్లింపుల యాప్. కానీ అందులో తిరిగేది మనుషుల డబ్బు. నెల జీతం, ఆసుపత్రి బిల్లు, పిల్లల ఫీజు. టెస్టింగ్ సగంలో ఉండగా లైవ్‌కి పంపమన్నప్పుడు నీ అభ్యంతరం కాగితం మీద ఉండాలి. గెలుస్తావని కాదు. అది నీ వృత్తి ధర్మం.

మంచి నాయకత్వం ఎలా ఉంటుందో కూడా ఒక కొలత మనసులో పెట్టుకో, లేకపోతే చూసిన చెడ్డదే లోకరీతి అనుకుంటావు. అందుకు దూరం పోనక్కర్లేదు, మన శ్రీహరికోటే చాలు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. లెక్క ప్రకారం విలేకరుల ముందు నిలబడాల్సింది ఆయన. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, వైఫల్యం బాధ్యత తనదిగా చెప్పుకుని, మా వాళ్ళు మళ్ళీ చేసి చూపిస్తారన్నాడు. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 మీదే రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని ధవన్ కలాంను ముందుకు పంపాడు. ఈ కథ కలాం జీవితాంతం చెప్పుకున్నాడు. మన పిల్లలకు బడిలో స్ఫూర్తి పాఠంగా చెబుతాం, బాగానే ఉంది. నేను మాత్రం దీన్ని నీకు కొలబద్దగా ఇస్తున్నాను. పని చెడిన రోజు మీ పైవాళ్ళు ఎక్కడ నిలబడ్డారు, పని బాగా జరిగిన రోజు ఎక్కడ నిలబడ్డారు? ఈ రెండు రోజులు చూస్తే చాలు, మిగతా టౌన్‌హాల్ ప్రసంగాలు వినక్కర్లేదు.

ఇక నీ రెండో ప్రశ్న. ఇలాంటివాళ్ళ కోసం నేనెందుకు కష్టపడాలి?

దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే దొరికింది. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, ఏళ్ళ తరబడి లెక్కలు తప్పుగా చూపించానని ఒప్పుకుంటూ డైరెక్టర్ల బోర్డుకు ఉత్తరం రాశారు. బ్యాంకుల్లో ఉందని చూపించిన డబ్బులో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదు. తమ దగ్గర 50,000 మందికి పైగా పనిచేస్తున్నారని చెప్పుకున్న కంపెనీ అది. తెల్లారితే జీతం వస్తుందో రాదో, కంపెనీ ఉంటుందో లేదో తెలియదు. పెళ్ళి సంబంధాలు ఆగిపోయాయి, బ్యాంకులు లోన్ల గురించి ఫోన్లు చేశాయి. పైవాళ్ళు చెయ్యగలిగిన తప్పుల్లో అంతకన్నా పెద్దది ఏముంటుంది?

ఆ వారం కూడా వేలమంది పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళారు. ప్రపంచం నలుమూలలా ఉన్న క్లయింట్ల సిస్టమ్స్ ఆగకుండా చూశారు. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ లాంటివాళ్ళతో కొత్త బోర్డు వేసింది. ఆ ఏప్రిల్‌లోనే వేలంలో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. అంత త్వరగా కొనేవాళ్ళు ఎందుకు ముందుకొచ్చారు? బ్యాంకులో డబ్బు అబద్ధమని తేలింది గానీ, ఆ ఇంజినీర్ల పని అబద్ధం కాదు కాబట్టి. క్లయింట్లలో చాలామంది ఉండిపోయింది ఆ పనిని చూసే. ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్ళు ఇవాళ ఎన్నో కంపెనీల్లో మంచి స్థానాల్లో ఉన్నారు. సత్యంలో చేశామని చెప్పుకోవడానికి వాళ్ళు తలదించుకోనక్కర్లేదు. నాయకుడి పాపం కోర్టు తేల్చింది. వాళ్ళ పని వాళ్ళతోనే ఉంది.

ఇదే నేను నీకు చెప్పదలుచుకున్న అసలు మాట. నువ్వు కష్టపడేది ఆ మేనేజర్ కోసం కాదు తల్లీ. ఆయన మీద కోపంతో నువ్వు కోడ్ రివ్యూ పైపైన చూసి వదిలేస్తే, డాక్యుమెంటేషన్ ఎగ్గొడితే, ఆయనకి జరిగే నష్టం చాలా తక్కువ. నీ చెయ్యి పాడవుతుంది. రెండేళ్ళు అలా గడిపాక కంపెనీ మారినా ఆ చెయ్యి నీతోనే వస్తుంది. అదనపు గంటలు తగ్గించు, శని ఆదివారాలు లాప్‌టాప్ మూసెయ్యి, అన్యాయమైన డేట్‌కి తల ఊపకు. ఇవన్నీ చెయ్యాల్సినవే. కానీ ఒప్పుకున్న పనిని మాత్రం నువ్వు ఎప్పటిలాగే చెయ్యి.

ఇంకొకటి. మీ టీమ్‌లో ఇద్దరు ఫ్రెషర్లు చేరారన్నావు. నీ విసుగు వాళ్ళ చెవిలో పడకూడదు. ఇరవై రెండేళ్ళ పిల్లలు మొదటి ఉద్యోగంలో ఏం చూస్తే జీవితమంతా అదే పని అనుకుంటారు. వాళ్ళు అడిగిన ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పు. వాళ్ళు బాగా చేసినప్పుడు మెయిల్లో వాళ్ళ పేరు రాయి. పైనుంచి నీకు దక్కనిది నువ్వు కిందికి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వెళ్ళిపోవడం తప్పని నేననడం లేదు. కొన్ని చోట్ల వెళ్ళిపోవడమే సరి. కానీ కోపం వచ్చిన రోజున కాదు. ఒక గడువు పెట్టుకో. దసరా దాకా అనుకుందాం. ఈ లోపు చెప్పాల్సింది చెప్పు, రాయాల్సింది రాయి. మాట్లాడాక చిన్న మార్పైనా వచ్చిందా, పని నేర్చుకుంటున్నావా, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె బరువెక్కడం తగ్గిందా? మూడింటికీ కాదు అన్న జవాబే వస్తే, ఇంకెవరినీ అడక్కుండా వెతకడం మొదలుపెట్టు.

వెతికేటప్పుడు లెక్క చూసుకో. మీ ఆఫర్ లెటర్లో నోటీస్ పీరియడ్ ఎంతో చదువు. మన పెద్ద ఐటీ కంపెనీల్లో చాలావాటికి 90 రోజులు. కొత్త ఆఫర్ చేతిలో పడకుండా రాజీనామా పెట్టకు. ఆరు నెలల ఖర్చు పక్కన ఉంచుకో. అమ్మానాన్నల మెడికల్ ఇన్సూరెన్స్ కంపెనీదే అయితే, మధ్యలో ఖాళీ రాకుండా చూసుకో. ఐదేళ్ళ సర్వీసుకి దగ్గర్లో ఉన్నావు కాబట్టి గ్రాట్యుటీ సంగతి కూడా లెక్కలోకి తీసుకో. పీఎఫ్ డబ్బు తీసెయ్యకు, అదే యూఏఎన్ కింద కొత్త కంపెనీకి బదిలీ చేయించుకో. రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చేదాకా హ్యాండోవర్ శ్రద్ధగా చెయ్యి. కంపెనీ కోడ్ గానీ ఫైళ్ళు గానీ ఒక్కటి కూడా నీ వెంట రాకూడదు. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్యకి కూడా ఇలాంటి బాధే ఉందన్నావు. వాడికి ఇంకాస్త జాగ్రత్త అవసరం. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే ఇంకో దారి చూసుకోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులే. వాడు ఆవేశపడే ముందు నాతో ఒకసారి మాట్లాడమను.

కొత్త చోట ఇంటర్వ్యూలో పాత మేనేజర్‌ని తిట్టకు. వినేవాళ్ళు రేపు తమ గురించీ ఇలాగే అంటుందనుకుంటారు. బదులుగా నువ్వే వాళ్ళని అడుగు. "మీ టీమ్‌లో ఎవరైనా ఈ డేట్ కుదరదని చెప్పినప్పుడు ఏం జరిగింది? పోయిన ఏడాది మీ టీమ్ నుంచి ఎంతమంది వెళ్ళిపోయారు, ఎందుకు?" జవాబు తడుముకుంటే ఆలోచించు. కుదిరితే ఆ టీమ్‌లో పనిచేసి వెళ్ళిన ఒకరితో మాట్లాడు. సంబంధం చూసేటప్పుడు నలుగురినీ కనుక్కుంటాం కదా, రోజూ పది గంటలు గడపబోయే చోటు గురించి కూడా కనుక్కోవాలి.

మరో రెండేళ్ళలో నువ్వే లీడ్ అవుతావు. అప్పుడు నీకు కూడా ఎవరూ ట్రైనింగ్ ఇవ్వరు. ఇవాళ నిన్ను ఏది నొప్పిస్తోందో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. చెప్పకుండా డేట్ ఇవ్వడం, పేరు తీసేయడం, అందరి ముందు మందలించడం. నీ కింద పదిమంది చేరిన రోజు దాన్ని తెరిచి, అందులో ఏదీ చెయ్యనని నీకు నువ్వే మాట ఇచ్చుకో. మన కంపెనీల్లో మంచి నాయకులు తక్కువంటే, ఇలా దెబ్బతిన్నవాళ్ళలో చాలామంది తమ వంతు వచ్చేసరికి ఆ దెబ్బలే కిందివాళ్ళకి పంచుతున్నారు కాబట్టి. నువ్వు అలా చెయ్యవని నా నమ్మకం.

ఈ సోమవారమే మీ మేనేజర్‌ని అరగంట టైం అడుగు. ఒక్క విషయమే తీసుకెళ్ళు, అంకెలతో తీసుకెళ్ళు, నిదానంగా చెప్పు. ఆయన విన్నా వినకపోయినా బయటికి వచ్చి, ఆ రోజు పని ఆ రోజు బాగా చేసి, టైంకి ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకో. ఏం జరిగిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య